ఇటాలియన్ క్రియలు: బట్టీ పట్టకుండా చెవితో పట్టుకోవడం ఎలా

ఇటాలియన్ వ్యాకరణం పుస్తకం చివర్లో ఒక పట్టిక ఉంటుంది. ఒక్క క్రియకి ఏడు తీరులు (మామూలు మాటా, ఆజ్ఞా, షరతా, ఆశా అని చెప్పేవి), 21 కాలాలు, వాటిలో చాలావాటికి ఆరేసి రూపాలు. అది చూసి పుస్తకం మూసేసిన తెలుగువాళ్లు నాకు చాలామంది తెలుసు, అందులో మొదటివాణ్ని నేనే. పట్టికలో తప్పేమీ లేదు, దాన్ని పై నుంచి కిందికి వల్లె వేయడంలోనే ఉంది తిప్పలంతా. ఆ 21లో తొమ్మిది కాలాలు రెండు ముక్కలు కలిపి అతికించినవే, వాటికి విడిగా చదివేదేమీ లేదు. మిగతా పన్నెండింటినీ విడదీసేవి మూడే: చివర ఏ అచ్చు వచ్చింది, గొంతు ఎక్కడ సాగింది, ఎక్కడ ద్విత్వం పడింది. ఈ మూడూ పుట్టినప్పటినుంచీ మన చెవిలో ఉన్నవే. 'గది'కీ 'గద్ది'కీ తేడా తెలిసినవాడికి ఇటాలియన్ ద్విత్వాలు ఓ లెక్కా?

ముందుగా ఒక ఒప్పందం. ఇక్కడ ఇటాలియన్ మాటల్లో దీర్ఘం ఉన్నచోట గొంతు ఒత్తాలి, హ్రస్వం ఉన్నచోట తేల్చేయాలి. 'పార్లొ' అంటే 'నేను మాట్లాడతాను'. 'పర్లో' అంటే 'అతను మాట్లాడాడు'. అక్షరాలు అవే, దీర్ఘం జరిగింది అంతే. ఇంకో మాట: ఇటాలియన్ త, ద మన త, ద లాగే పళ్లకి తగిలి పలుకుతాయి. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్లు ట, డ అంటారు. మీరు అనకండి.

మొదటి మెట్టు: ధాతువు కోసి, చివర తగిలించడం

నిఘంటువులో క్రియ ఆరె, ఎరె, ఈరె అనే మూడింటిలో ఒకదానితో ముగుస్తుంది. పర్లారె (మాట్లాడు), వేందెరె (అమ్ము), దొర్మీరె (నిద్రపో). ఆ తోక కోసేస్తే మిగిలేది ధాతువు. దానికి వర్తమానంలో ఇవి తగిలిస్తాం:

పర్లారె: పార్లొ, పార్లి, పార్ల, పర్ల్యామొ, పర్లాతె, పార్లనొ
వేందెరె: వేందొ, వేంది, వేందె, వెంద్యామొ, వెందేతె, వేందొనొ
దొర్మీరె: దోర్మొ, దోర్మి, దోర్మె, దొర్మ్యామొ, దొర్మీతె, దోర్మొనొ

వరసగా నేను, నువ్వు, అతను లేదా ఆమె, మేము, మీరు, వాళ్లు. (మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే అతను, ఆమె. వాళ్లకి మొదటి పురుష అంటే 'నేను'. పుస్తకం చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోకపోతే గందరగోళమే.) 'వచ్చాను' అన్నాక 'నేను' అనక్కర్లేనట్టు ఇక్కడా తోకే మనిషిని చెబుతుంది. మాటకి ముందు ప్రతిసారీ 'ఈయొ, ఈయొ' అంటే 'నేను, నేను' అని గుండె బాదుకున్నట్టుంటుంది.

'నేను'కి ఒ, 'నువ్వు'కి ఇ, 'మేము'కి యామొ: ఇవి మూడు గణాలకీ ఒకటే. కాబట్టి కొత్తగా చూసుకోవాల్సింది అతను, మీరు, వాళ్లు మాత్రమే. 'వాళ్లు' దగ్గర గొంతు ముందుకి జరపకండి. పార్లనొ అనాలి, పర్లానొ కాదు. 'ఎక్కడ ఉంటావు?' అని అడిగే 'దోవె ఆబితి?'లో అబితారె చూడండి: ఆబితొ, ఆబితి, ఆబిత... 'వాళ్లు' దగ్గర ఆబితనొ. మొదటి అక్షరం మీదే ఒత్తు, మిగతా మూడూ జారిపోవాలి.

వర్తమానం మనం అనుకున్నదానికంటే ఎక్కువ పని చేస్తుంది. 'దొమాని పార్తొ' అంటే 'రేపు బయల్దేరతాను'. మన 'బయల్దేరతాను' రోజూ చేసేదానికీ రేపటిదానికీ ఎలా సరిపోతుందో అలాగే.

చెర్కారె (వెతుకు), పగారె (డబ్బు కట్టు) లాంటివాటిలో ఇ, ఎ తగిలినప్పుడు మధ్యలో హెచ్ అక్షరం వచ్చి చేరుతుంది. అది చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. తెలుగులో రాస్తే అసలు సమస్యే కనపడదు: చేర్కొ, చేర్కి. క శబ్దం క లాగే ఉండాలని వాళ్ల లిపి పడే పాట్లవి. ఎరె గణంలో తిరగబడుతుంది. అక్కడ రాత మారదు, శబ్దం మారుతుంది: కొనోస్కొ (నాకు తెలుసు), కొనోష్షి (నీకు తెలుసు).

రెండో మెట్టు: ఈరె క్రియల్లో 'ఇస్క్' ఎక్కడ దూరుతుంది?

అందరూ ఆగిపోయేది ఇక్కడే. దొర్మీరె మామూలుగా నడిస్తే, కపీరె (అర్థం చేసుకో) ఇలా నడుస్తుంది:

కపీస్కొ, కపీష్షి, కపీష్షె, కప్యామొ, కపీతె, కపీస్కొనొ

మేము, మీరు తప్ప మిగతా నలుగురికీ మధ్యలో ఇస్క్ దూరింది. ఏ క్రియకి దూరుతుందో ఎలా తెలుస్తుంది? లాటిన్ లిపిలో నేర్పేవాళ్లు చివరి నుంచి ఐదో అక్షరం లెక్కపెట్టమంటారు. అచ్చయితే ఇస్క్, హల్లయితే లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి ఐదు లెక్కపెట్టేదెవరు! తెలుగు లిపిలో రాసుకుంటే కంటికే కనపడుతుంది. ఈరె కలిసిన అక్షరం ఒంటరిగా ఉంటే ఇస్క్ వస్తుంది. దానికి వత్తో, సున్నానో, ద్విత్వమో ఉంటే రాదు.

కపీరె, ఫినీరె (ముగించు), పులీరె (శుభ్రం చేయి), స్పెదీరె (పంపు), ప్రెఫెరీరె (ఎక్కువ ఇష్టపడు): అక్షరం ఒంటరి. ఇస్క్ వచ్చింది. ఫినీస్కొ, పులీస్కొ.

దొర్మీరెలో ర్మ, పర్తీరెలో ర్త, సెర్వీరెలో ర్వ, అప్రీరెలో ప్ర, సెగ్వీరెలో గ్వ, సెంతీరెలో సున్నా, బొల్లీరెలో ల్ల. ఇస్క్ లేదు. పార్తొ, సేంతొ, సేగ్వొ.

ఈ కిటుకు చాలాచోట్ల నిలబడుతుంది, అన్నిచోట్లా కాదు. ఫొర్నీరె, గరంతీరె, ఫల్లీరె, అర్రిక్కీరె సంయుక్తాలై ఉండి కూడా ఇస్క్ పుచ్చుకుంటాయి. కుచీరె (బట్ట కుట్టు) ఒంటరి అయి ఉండి కూడా పుచ్చుకోదు. ఈ అయిదూ విడిగా రాసి గోడకి అంటించుకోండి.

మూడో మెట్టు: అవేరె, ఏస్సెరె చేతికొస్తే తొమ్మిది కాలాలు ఉచితం

ఈ రెండూ నియమాలకి లొంగవు. వీటిని బట్టీ పట్టక తప్పదు.

అవేరె (కలిగి ఉండు): ఓ, ఆయి, ఆ, అబ్బ్యామొ, అవేతె, ఆన్నొ
ఏస్సెరె (ఉండు): సోనొ, సేయి, ఏ, స్యామొ, స్యేతె, సోనొ

ఇప్పుడు భూతకాల విశేషణం. ఆరెకి ఆతొ, ఎరెకి ఊతొ, ఈరెకి ఈతొ: పర్లాతొ, వెందూతొ, దొర్మీతొ, కపీతొ. రెండూ కలిపితే జరిగిపోయిన పని వచ్చేసింది. ఓ పర్లాతొ: మాట్లాడాను. ఆయి కపీతొ?: అర్థమైందా? నియమం తప్పేవాళ్ల గూడు ఎరె గణం. రాయడం, చదవడం, తీసుకోవడం లాంటి రోజువారీ క్రియలే అందులో విశేషణం దగ్గర దారి తప్పుతాయి: స్క్రీత్తొ, లేత్తొ, ప్రేజొ. వేందెరె, రిచేవెరె, రిపేతెరె లాంటి బుద్ధిమంతులతో మొదలుపెట్టండి.

వెళ్లడం, రావడం, చేరడం, మారడం, పుట్టడం లాంటి క్రియలకి అవేరె బదులు ఏస్సెరె వాడాలి. అప్పుడు విశేషణం మనిషిని బట్టి మారుతుంది. మగవాడైతే 'సోనొ అర్రివాతొ', ఆడమనిషైతే 'సోనొ అర్రివాత'. తెలుగులో 'వచ్చాడు', 'వచ్చింది' దగ్గర తేడా చూపిస్తాం గానీ 'వచ్చాను' దగ్గర చూపించం. అందుకే మన అమ్మాయిలు క్లాసులో మగవాళ్లని విని 'సోనొ అర్రివాతొ' అనేస్తుంటారు. బహువచనంలో అర్రివాతి, అందరూ ఆడవాళ్లే అయితే అర్రివాతె.

మిగతా అతుకు కాలాలన్నిటిలో విశేషణం కదలదు, పక్కనున్న సహాయక క్రియ ఒక్కటే కాలం మార్చుకుంటుంది. 'అవేవొ పర్లాతొ': అప్పటికే మాట్లాడేశాను. 'అవ్రో పర్లాతొ': మాట్లాడి ఉంటాను. ఈ రెండోదాన్ని కాస్త ఆగి చూడండి. మన 'మాట్లాడి ఉంటాను'లో ముందు విశేషణం, తర్వాత 'ఉండు' భవిష్యత్తులో. వాళ్లదీ అదే లెక్క, వరస తిరగేశారంతే. వాడుక కూడా అదే. మనం 'బయల్దేరి ఉంటాడులే' అని ఊహించినట్టే వాళ్లు 'సరా పర్తీతొ' అంటారు. ఇంగ్లీషు మీదుగా ఆలోచిస్తే ఇది తల తినేస్తుంది, తెలుగులోంచి నేరుగా దూకితే అడుగు కింద నేల ఉంటుంది.

నాలుగో మెట్టు: 'మాట్లాడేవాణ్ని'

ఇంపెర్ఫేత్తొ అనే కాలం ఇటాలియన్ అంతటిలో సులువైనది. ధాతువుకి గణం అచ్చు, ఆపైన వ: పర్లావొ, పర్లావి, పర్లావ, పర్లవామొ, పర్లవాతె, పర్లావనొ. అలాగే వెందేవొ, దొర్మీవొ, కపీవొ. ఇస్క్ ఊసే లేదు.

దీన్ని ఎప్పుడు వాడాలన్నదానికి చాలా పుస్తకాలు పేజీలకి పేజీలు రాస్తాయి. మనకి ఒక్క ముక్క చాలు: తెలుగులో 'ఆడుకునేవాళ్లం', 'వెళ్లేవాడు', 'మాట్లాడుతుండగా' అని వచ్చేచోట ఇది, 'ఆడుకున్నాం', 'వెళ్లాడు' అని వచ్చేచోట మూడో మెట్టు. చిన్నప్పుడు వీధిలో ఆడుకునేవాళ్లం: జొకవామొ. నిన్న ఆడుకున్నాం: అబ్బ్యామొ జొకాతొ.

ఐదో మెట్టు: భవిష్యత్తులో దాక్కున్న అవేరె

భవిష్యత్ రూపాలు చూడండి: పర్లెరో, పర్లెరాయి, పర్లెరా, పర్లెరేమొ, పర్లెరేతె, పర్లెరాన్నొ. ఆ తోకలు ఎక్కడో విన్నట్టు లేవూ? ఓ, ఆయి, ఆ, ఆన్నొ. అవేరె వర్తమానమే! పాత లాటిన్‌లో 'మాట్లాడేది ఉంది నాకు' అన్నట్టు రెండు మాటలుగా అన్నది జనం నోట్లో నలిగి ఒకటైంది. 'వచ్చి ఉన్నాను' కాస్తా 'వచ్చున్నా' అయినట్టు.

ఆరె గణంలో అ మాత్రం ఎ అవుతుంది: పర్లరో కాదు, పర్లెరో. వెందెరో, దొర్మిరో, కపిరో మామూలే.

'ఇలా అయితే చేస్తాను' అనే షరతు తీరుకి మొదలు అదే, తోక వేరు: పర్లెరేయి, పర్లెరేస్తి, పర్లెరేబ్బె, పర్లెరేమ్మొ, పర్లెరేస్తె, పర్లెరేబ్బెరొ. ఇక్కడా దాక్కున్నది అవేరే, దాని పాత భూతకాలం (ఏబ్బె).

'మేము' దగ్గర జాగ్రత్త. రేమొ అంటే చేస్తాం. రేమ్మొ అంటే చేసేవాళ్లమే, కానీ... ఇటలీలోని పాదొవ ఊళ్లో మేం ముగ్గురం ఒక ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు, ప్రతి నెలా ఒకటో తారీకున అద్దె కట్టేస్తామని చెప్పబోయి, నొక్కి చెబుదామన్న ఉబలాటంలో నేను 'పగెరేమ్మొ' అన్నాను. ఇంటావిడ తలూపి, నా మొహం వైపు చూస్తూ మిగతా వాక్యం కోసం ఆగింది. నేనూ ఆగాను. కాసేపటికి ఆవిడే 'మా...?' అంది, 'కానీ...?' అని. కట్టేవాళ్లమే కానీ ఏం అడ్డొచ్చిందో చెప్పమని. ద్విత్వం వినడానికి మన చెవి సిద్ధంగానే ఉంటుంది, ఉత్సాహం వస్తే నోరే అదుపు తప్పుతుంది.

ఆరో మెట్టు: వీధిలో నేర్చుకునే కొంజుంతీవొ

ఆశ, ఊహ, కోరిక చెప్పే తీరు ఇది. కొంజుంతీవొ పేరు చెబితే ఇటాలియన్లే భయపడతారు. మీరు మాత్రం ఆ దేశంలో దిగిన రోజే దాన్ని వినేస్తారు. దారిలో తెలిసిన కుర్రాణ్ని ఆపాలంటే 'స్కూజ', తెలియని పెద్దాయన్ని ఆపాలంటే 'స్కూజి'. 'ఆగు' అస్పేత్త, 'ఆగండి' అస్పేత్తి. 'ఇదిగో విను' సేంతి, 'వినండి' సేంత. గమనించారా? అ ఉన్నచోట ఇ, ఇ ఉన్నచోట అ. గౌరవం వచ్చేసరికి అచ్చులు కుండమార్పిడి చేసుకున్నాయి. ఆ 'అండి' రూపమే కొంజుంతీవొ.

పర్లారె: పార్లి, పార్లి, పార్లి, పర్ల్యామొ, పర్ల్యాతె, పార్లినొ
వేందెరె: వేంద, వేంద, వేంద, వెంద్యామొ, వెంద్యాతె, వేందనొ

దోర్మ, కపీస్క కూడా వేంద దారిలోనే. మొదటి ముగ్గురికీ ఒకే రూపం కాబట్టి ఇక్కడ మాత్రం 'ఈయొ' (నేను), 'తూ' (నువ్వు) చెప్పడం మంచిది. 'అనుకుంటున్నాను', 'ఆశిస్తున్నాను', 'కావాలనుకుంటున్నాను' లాంటి మాటల తర్వాత 'కె' (మన 'అని') వస్తే ఈ తీరు దిగుతుంది: 'స్పేరొ కె మార్కొ పార్లి', అంటే మార్కొ మాట్లాడతాడని ఆశ.

మన 'మీరు' బహువచనం కాబట్టి ఒక పెద్దాయనతో మాట్లాడేటప్పుడు మనకి 'వోయి' (బహువచన 'మీరు') వాడాలనిపిస్తుంది. మర్యాదకి వాళ్లు వాడేది 'లేయి', అంటే అక్షరాలా 'ఆమె'. ఎదురుగా మీసాలాయన ఉన్నా సరే, క్రియ అతను, ఆమె రూపంలో పెట్టాలి: 'లేయి పార్ల ఇంగ్లేజె?' దక్షిణాదిలో పెద్దవాళ్లని 'వోయి' అనడం ఇంకా వినపడుతుంది. 1938లో ఫాసిస్టు ప్రభుత్వం 'లేయి' విదేశీ కంపు కొడుతోందని తీసేయించి అందరిచేతా 'వోయి' అనిపించబోయింది. ఆ ప్రభుత్వం పోయింది, లేయి ఉంది.

'నువ్వు'కి 'వద్దు' చెప్పాలంటే నొన్ తర్వాత క్రియని కోయకుండా పెట్టేయండి: 'నొన్ పర్లారె!' కోయని క్రియనే తలుపుల మీద కూడా చూస్తారు: స్పీంజెరె అంటే నెట్టాలి, తిరారె అంటే లాగాలి.

కొంజుంతీవొలో భూతకాలం కూడా ఒకటుంది: పర్లాస్సి, పర్లాస్సి, పర్లాస్సె, పర్లాస్సిమొ, పర్లాస్తె, పర్లాస్సెరొ. వెందేస్సి, దొర్మీస్సి ఇలాగే. దాని అసలు పని షరతు వాక్యాల్లో. 'సె' తర్వాత ఇది, రెండో సగంలో ఐదో మెట్టు: 'సె పర్లాస్సి ఇతల్యానొ, లవొరెరేయి క్వీ', ఇటాలియన్ వస్తే ఇక్కడే పని చేద్దును. 'సె అవేస్సి స్తుద్యాతొ, అవ్రేయి కపీతొ', చదివి ఉంటే అర్థం చేసుకుని ఉండేవాణ్ని. మనకిలాగే వాళ్లకీ రెండు సగాల్లోనూ సహాయక క్రియే మెలిక తిరుగుతుంది.

ఏడో మెట్టు: మిగిలినవి, తొందరగా

'మాట్లాడుతూ'కి పర్లాందొ, వెందేందొ, దొర్మేందొ. దొర్మీందొ అనకండి. 'స్తో పర్లాందొ' మన 'మాట్లాడుతున్నాను'కి సరిగ్గా సాటి. ఈ పోలిక బాగుంది కదా అని ప్రతిదానికీ వాడేస్తాం, అదే చిక్కు. ఈ క్షణంలో జరుగుతున్నదానికే వాడండి. 'బ్యాంకులో పని చేస్తున్నాను'కి మామూలు వర్తమానం చాలు: లవోరొ ఇన్ బాంక.

పర్లాంతె ('మాట్లాడే') లాంటి రూపాలు క్రియలుగా దాదాపు వాడుకలో లేవు, నామవాచకాలుగా మిగిలాయి: కంతాంతె (గాయకుడు), ఇన్సెన్యాంతె (ఉపాధ్యాయుడు).

పస్సాతొ రెమోతొ (దూరపు భూతకాలం): పర్లాయి, పర్లాస్తి, పర్లో, పర్లామ్మొ, పర్లాస్తె, పర్లారొనొ. నవలల్లో, చరిత్రలో ఇదే రాజ్యం ఏలుతుంది. కవి దాంతె 1321లో రవేన్నలో చనిపోయాడని చెప్పాలంటే 'మొరీ'. నడిమి ఇటలీలోని తొస్కానలో, దక్షిణాదిలో నోటి మాటల్లోనూ వినొచ్చు, ఉత్తరాన మిలానొ వైపు మాటల్లో దాదాపు వినపడదు. చూస్తే గుర్తుపట్టగలిగితే చాలు. ఇటలీలో దీర్ఘకాల నివాస అనుమతికి ఏ2 (యూరప్ భాషా కొలమానంలో ఆరింటిలో రెండో స్థాయి), 2018 చివరి నుంచి పౌరసత్వానికి బీ1 (మూడో) స్థాయి సర్టిఫికెట్ అడుగుతున్నారు. వాటికోసం సియెనా, పెరూజా విశ్వవిద్యాలయాలు పెట్టే పరీక్షలకి కూర్చునేవాళ్లు తమ సాయంత్రాలు రెండు నుంచి ఐదు మెట్ల మీద పెట్టుకోవడం మేలని నా లెక్క.

సాధన

ఒక కాలంలో ఆరు రూపాలు కిందికి దించడం మానేయండి. ఒక మనిషిని పట్టుకుని అడ్డంగా నడవండి. మొదటి వారం 'నేను' ఒక్కటే. మాటల్లో సగం సంగతులు మన గురించే చెప్పుకుంటాం కాబట్టి దానితోనే బోలెడంత బండి నడుస్తుంది. రెండో వారం 'లేయి', అప్పుడు 'అతను', 'ఆమె' కూడా వచ్చేసినట్టే. 'మీరు', 'వాళ్లు' చివర్న. పైకి, గట్టిగా, దీర్ఘం ఉన్నచోట చేయి ఊపుతూ అనండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

ఇవాళ్టికి రెండు క్రియలు: కుచినారె (వండు), స్పెదీరె (పంపు). 'నేను'తో వర్తమానం, వండేవాణ్ని, వండుతాను, వండుదును, వండాను, వండాలని, వండితే అనే ఏడు గళ్లూ కాగితం మీద నింపి, ఆ తర్వాత కింద చూడండి.

కుచీనొ, కుచినావొ, కుచినెరో, కుచినెరేయి, ఓ కుచినాతొ, కుచీని, కుచినాస్సి
స్పెదీస్కొ, స్పెదీవొ, స్పెదిరో, స్పెదిరేయి, ఓ స్పెదీతొ, స్పెదీస్క, స్పెదీస్సి

రెండో వరసలో ఇస్క్ రెండు చోట్లే ఉంది. మీ కాగితం మీద మూడోచోట కూడా వచ్చిందంటే రెండో మెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లాలి.